సంచితో పాటు చెప్పాల్సిన మాట

జబ్బు భయానికి కాలేజీ మూసేసిన కొద్దిరోజులకే విద్యార్థులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆలోచన లా చదువుతున్న ఒక సీనియర్‌ది. ఎవరినైనా కూర్చోబెట్టి ఒప్పించగల నోరు అతనిది. ఎన్నికలూ గిన్నికలూ లేకుండానే అందరూ అతన్ని ప్రెసిడెంట్ అని పిలవడం మొదలుపెట్టారు. అతను కూడా ఆ పిలుపుకి చాలా తొందరగా అలవాటుపడిపోయాడు.

ఫిజిక్స్ మూడో ఏడు చదువుతున్న అమ్మాయి ఒకతె మొదటి వారంలోనే చేరింది. క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్నా బోర్డు కనపడదని ఏడిపిస్తూ స్నేహితులు ఆమెకు పొట్టి అని పేరు పెట్టారు. చివరికి లెక్చరర్లు కూడా హాజరుపట్టీ పక్కన పెట్టి అదే పేరుతో పిలిచేవారు. సేవ చేయాలన్న ఉత్సాహమేమీ కాదు ఆమెది. ఇంట్లో కూర్చుని టీవీలో చావుల అంకెలు చూడటం ఆమె వల్ల కాలేదు. "ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే నువ్వొక్కదానివీ బయల్దేరుతావేంటే" అని తల్లి రోజూ గొణిగేది. గొణుగుతూనే ఉతికి ఆరేసిన మాస్కు చేతికిచ్చేది.

మొదట్లో పని సులువు. గడప దాటలేనివాళ్ళకు సరుకులు, మందులు ఇచ్చి రావడమే. పొట్టికి జోడీగా మెకానికల్ చదివే కుర్రాడొకడు పడ్డాడు. ఎత్తూ లావూ చూసి అతన్ని బండ అనేవారు. వాళ్ళ నాన్నకు సామాన్లు మోసే చిన్న వ్యాను ఉండేది. బేరాలు లేక ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్న ఆ వ్యానే సంఘానికి వాహనమయింది. డ్రైవరు సీట్లో బండ, పక్కన పొట్టి కూర్చుని వెళ్తుంటే చూసినవాళ్ళకు నవ్వొచ్చేది. ఆ రోజుల్లో వాళ్ళూ నవ్వేవాళ్ళు.

తర్వాత పెద్దాసుపత్రి నుంచి ఒక కబురొచ్చింది.

ఎక్స్‌రే గది వెనక ఒక పాత గది. గోడలకు ఇనుప అరలు. ఆ అరల నిండా, అవి చాలక నేల మీద, ప్లాస్టిక్ సంచులు. ప్రతి సంచి మూతికీ ఒక చీటీ. లోపల కళ్ళజోళ్ళు, చెప్పులు, పళ్ళసెట్లు, చార్జర్లు, సగం చదివి మడత పెట్టిన పత్రికలు. మూలనున్న కుర్చీలో స్టోరు చూసే ఆవిడ కూర్చుని ఉంది. మాస్కు పైనుంచి ఆవిడ కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. నిద్రలేక అవి ఎర్రబడి ఉన్నాయి.

"ఇవన్నీ పోయినవాళ్ళవి" అంది ఆవిడ. "ఇంట్లోవాళ్ళు రారు. రావాలంటే భయం. కొందరు వాళ్ళే మంచాన పడున్నారు. పంపుదామంటే మాకు మనుషుల్లేరు. మీరు పట్టుకెళ్ళి ఇస్తారా?"

ఇస్తామన్నాడు ప్రెసిడెంట్. ఆ సాయంత్రమే ఫోన్లో అందరినీ కూడగట్టి ఒక నియమం చెప్పాడు. "కబురు చెప్పడం డాక్టర్ల పని. సంచి ఇవ్వడం మన పని. మనం ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళకు విషయం తెలిసే ఉంటుంది. మనం ఏమీ చెప్పక్కర్లేదు. నమస్కారం పెట్టడం, ఇవ్వడం, వచ్చేయడం."

సంచులు ఇవ్వడంలో కూడా నేర్చుకోవాల్సింది ఉందని పొట్టికి అప్పటిదాకా తెలియదు. చీటీ వేలాడుతున్న సంచిని అలాగే ఇస్తే ఇంట్లోవాళ్ళు ముందు ఆ చీటీనే చూసి కుప్పకూలిపోయేవారు. అందుకని గడప దగ్గరికి వెళ్ళకముందే దాన్ని తీసేయడం నేర్చుకుంది. "ధైర్యంగా ఉండండి" అనకూడదని నేర్చుకుంది. ఒకాయన ఆ మాటకి తలుపు మొహం మీదే వేశాడు. సెల్‌ఫోన్ల సంగతి మాత్రం ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. పాపం, చార్జి అయిపోయి ఉంటుంది, నింపి ఇద్దాం అని బండ ఒకసారి వ్యాన్లో ఒక ఫోనును చార్జరుకి తగిలించాడు. దారిలో అది వెలిగి మోగింది. తెర మీద 'నాన్న' అని కనపడింది. పొట్టి చేతులు చెవుల మీద పెట్టుకుంది. బండ వ్యాను పక్కకి ఆపి, అది మోగి మోగి ఆగేదాకా తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్కసారి తప్ప వాళ్ళు ఏ ఫోనూ వెలిగించలేదు. ఆరిపోయినవి ఆరిపోయినట్టే ఇచ్చేసేవారు.

ఒక రోజు స్టోరు ఆవిడ ఇచ్చిన సంచుల్లో ఒకదాని మీద చిరునామా చదివి పొట్టి అక్కడే నిలబడిపోయింది. అది కాలేజీ వెనక వీధి.

"ఏంటి?" అన్నాడు బండ.

"జిరాక్స్ అక్కరా."

కాలేజీలో జిరాక్స్ అక్కను ఎరగనివాళ్ళు లేరు. గేటు వెనక వీధిలో ఒక మేడ. మేడ కింద గదిలో జిరాక్స్ కొట్టు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పై వాటాలో ఉండేవారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. దాని గురించి ఎవరైనా అడిగితే, "ఈ మిషనుతో పడలేక చస్తుంటే మొగుడొకడా" అని పెద్దామె నవ్వేసేది. మిషను దగ్గర అక్క, వెనకబల్ల దగ్గర పుస్తకాలకు బైండింగ్ చేస్తూ చెల్లెలు. పిల్లలు చెల్లెల్ని చిన్నక్క అనేవారు. మాటలన్నీ అక్కవే. "రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ పుస్తకం మొత్తం కొట్టించుకుంటున్నావు, దీన్ని చదువుతావా, తలకింద పెట్టుకుంటావా?" అని తిడుతూనే ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టి, ముందు మీకే కావాలా అని లైన్లో ఉన్నవాళ్ళందరినీ తోసి, ఏడుపు మొహంతో వచ్చినవాడికి మొదట కొట్టిచ్చేది.

సంచిలో అక్క ఉన్నికోటు, కళ్ళజోడు, చెప్పులు, ఫోను ఉన్నాయి. పొట్టి చీటీ తీసేసి సంచిని ఒళ్ళో పెట్టుకుంది.

మెట్లెక్కి తలుపు తట్టింది. బండ రెండు మెట్లు కిందే ఆగాడు. తలుపు తీసిన చిన్నక్క సగానికి సగం చిక్కిపోయి ఉంది. ఆమెకూ జబ్బు సోకిందని, తలుపుకి అంటించిన హెచ్చరిక కాగితాన్ని ముందు రోజే పీకేశారని తర్వాత తెలిసింది. పొట్టిని మాస్కులోనే గుర్తుపట్టింది.

"నువ్వు పొట్టివి కదూ? నీలం అట్టే కావాలని నా ప్రాణం తీశావు పోయినేడు."

పొట్టి తలూపింది. అప్పుడు చిన్నక్క చూపు సంచి మీద పడింది. మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"అక్క కోటు! అమ్మయ్య. పంపించేస్తున్నారా? దానికి ఎప్పుడూ ఇంతే, మనిషి కంటే ముందు సామాను బయల్దేరుతుంది. ఎప్పుడట, రేపా?"

ఈమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాట పొట్టి నాలుక మీదకు వచ్చింది గానీ బయటికి రాలేదు.

"వార్డు మార్చారు చిన్నక్కా" అంది.

"మార్చారా? ఎక్కడికి? కాస్త తేరుకున్నవాళ్ళని ఉంచే వార్డుకా?"

"ఊఁ."

అంతే. ఆ ఒక్క 'ఊఁ'తో చిన్నక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉండమని చెప్పి లోపలికి పరుగెత్తింది. గోడ పట్టుకుని పరుగెత్తింది, ఇంకా నీరసం తగ్గలేదు. మెత్తటి నైటీ, తువ్వాలు, కాళ్ళకు మేజోళ్ళు తెచ్చి ఒక గుడ్డసంచిలో సర్దింది.

"ఇవి ఇవ్వమ్మా. ఆసుపత్రి దుప్పట్లు దానికి గుచ్చుకుంటాయి. నేను ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తదు. ఆసుపత్రి వాళ్ళకు చేస్తే లైను కలవదు, కలిస్తే బాగానే ఉందంటారు." పొట్టి చేతిలోని సంచి అందుకుని అందులోంచి ఫోను తీసింది. "ఇదా, చార్జింగ్ అయిపోయిందా? ఆగు, నేను పెట్టి ఇస్తాను, దాని దగ్గర ఫోను లేకపోతే ఎలా?"

"మేమే పెట్టి ఇస్తాం" అని పొట్టి గబుక్కున ఆ ఫోను లాగేసుకుంది. లాక్కున్నట్టు తీసుకోవడం చూసి చిన్నక్క నవ్వింది.

"నిదానం తల్లీ. నీ కాళ్ళు అందవు, మెట్లు చూసుకుని దిగు."

వ్యాన్లో కూర్చున్నాక బండ ఇంజను వేయలేదు.

"ఎందుకే అలా చెప్పావు?"

"నాకు నోరు రాలేదురా."

"మళ్ళీ వెళ్దాం. ఇప్పుడే వెళ్ళి చెబుదాం."

పొట్టి ఫోనును చార్జరుకి తగిలించింది. కాసేపటికి అది వెలిగింది. తెర నిండా ఎత్తని పిలుపులు. ఆసుపత్రి నంబరు, కింద 'చెల్లి', మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ చెల్లి, చెల్లి, చెల్లి. ఎవరూ తీయని ఒకే ఫోనుకి ఇటునుంచి చెల్లెలు, అటునుంచి ఆసుపత్రి చేస్తూనే ఉన్నారు. ఆ ఫోను మాత్రం ఎక్స్‌రే గది వెనక అరలో, సంచిలో, మోగి మోగి ఆరిపోయింది. ఆసుపత్రిలో చేరేటప్పుడు అక్క తన నంబరే ఇచ్చింది. "చెల్లికి కంగారెక్కువ, ఏదున్నా నాకే చెప్పండి" అందట. ఈ సంగతి ఒక నర్సు తర్వాత చెప్పింది.

పొట్టి ప్రెసిడెంట్‌కి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. అతను వెంటనే తేల్చేశాడు.

"నువ్వు చెప్పకపోవడమే మంచిదయింది. మనకి ఆ అధికారం లేదు. రేపు ఏదైనా గొడవ అయితే సంఘం మీదకొస్తుంది. నేను ఆసుపత్రికి ఇప్పుడే మెయిల్ పెడతాను, వాళ్ళే ఆవిడకి చెబుతారు. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

ఆ మాటలు పొట్టికి హాయిగా అనిపించాయి. తన నెత్తిమీది బరువు ఇంకెవరో దించుకున్నట్టయింది. మళ్ళీ మెట్లెక్కాల్సిన పని లేదు. బండ సణిగాడు గానీ ఆమె ఇంటి దగ్గర దించమంది.

మర్నాడు పొద్దున్న మనసాగక ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. మెయిల్ ఎవరూ చూడలేదు. ఈ కిటికీ దగ్గర అడిగితే ఆ కిటికీ అన్నారు, ఆ కిటికీ దగ్గర అడిగితే డాక్టరు గారు రౌండ్లలో ఉన్నారన్నారు. చివరికి వెనక వైపు, శవాల గది ముందు బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా ఆమె చెప్పిన పేరు విని తల అడ్డంగా ఊపాడు.

"తెల్లారకముందే మునిసిపాలిటీ బండి తీసుకెళ్ళిపోయింది. బంధువులు ఫోను ఎత్తకపోతే ఎన్నాళ్ళని ఉంచుతాం? లోపల చోటు లేదు. నిన్న సాయంత్రం దాకా చూశాం."

"నిన్న సాయంత్రం వస్తే చూడనిచ్చేవాళ్ళా?"

"ఒకరిని రానిస్తాం. దూరం నుంచి. మొహం చూపిస్తాం." అతను తల ఎత్తి ఆమెను చూశాడు. "నువ్వేమవుతావమ్మా?"

పొట్టి గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడింది. నర్సు ఒకామె జాలిపడి, ఇంటివాళ్ళ నంబరు ఇవ్వు, డాక్టరు గారితో ఫోను చేయిస్తాను అంది. "వద్దు, నేనే వెళ్ళి చెబుతాను" అంది పొట్టి. బండకు ఫోను చేస్తే మారుమాట్లాడకుండా వ్యాను తీసుకుని వచ్చాడు.

దారిలో ఆ వాక్యాన్ని నోట్లో నోట్లో అనుకుంటూనే ఉంది. లేరు అనాలా, పోయారు అనాలా, వెళ్ళిపోయారు అనాలా? ప్రతి మాటకీ పక్కనుంచి తప్పించుకుపోయే సందు ఒకటి ఉంది. 'ఊఁ' అన్న మాటకు ఉన్నట్టే. సందు లేని మాట ఒక్కటే ఉంది.

ఈసారి చిన్నక్క తలుపు తీసి, "ఏమంది? బట్టలు సరిపోయాయా?" అంది.

"కూర్చోండి చిన్నక్కా."

"ఏం, ఎందుకు?"

"అక్క చనిపోయింది."

చిన్నక్క కూర్చోలేదు. తలుపు చెక్కను పట్టుకుని, వినపడనిదాన్ని మళ్ళీ వినడానికి ప్రయత్నిస్తున్నట్టు తల కొద్దిగా పక్కకు వంచింది.

"ఎప్పుడు? రాత్రా?"

"మొన్న పొద్దున."

"మొన్నా?" ఆమె వేళ్ళు చెక్క మీద కదిలాయి. "నువ్వు నిన్న కదా వచ్చావు."

"నిన్ననే. అప్పటికే చనిపోయింది."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి వార్డు మార్చారన్నావు."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకమ్మా?" అని అడిగింది చిన్నక్క. ఆ అడగడంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మీరు నవ్వుతూ తలుపు తీశారు" అంది పొట్టి.

చిన్నక్క లోపలికి చూసింది. బల్ల మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. చెప్పులేసుకోవడానికి అటూ ఇటూ వెతికింది. "పదండి, నన్ను తీసుకెళ్ళండి. చూడనిస్తారు కదా?"

"లేదు చిన్నక్కా. పొద్దున్నే తీసుకెళ్ళిపోయారు. అంతా అయిపోయింది."

"నిన్నయితే?"

వెనక నుంచి బండ అడ్డొచ్చాడు. "నిన్నయినా చెప్పలేం చిన్నక్కా, వాళ్ళు ఒక్కోసారి..."

"నిన్నయితే చూడనిచ్చేవాళ్ళు" అంది పొట్టి. "ఒకరిని. దూరం నుంచి."

చిన్నక్క చెయ్యి చాపింది. "ఆ బట్టలేవి?"

వ్యాన్లోనే ఉన్నాయి. బండ గబగబా కిందికి దిగి గుడ్డసంచీ, ఫోనూ తెచ్చాడు. చిన్నక్క సంచి తీసుకుని, లోపల మేజోళ్ళు ఉన్నాయో లేదో వేళ్ళతో తడిమి చూసుకుంది. తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు. లోపలినుంచి ఏడుపు వినపడుతుందేమోనని ఇద్దరూ మెట్ల మీద నిలబడ్డారు. ఏమీ వినపడలేదు.

కింద వ్యాను దగ్గర బండ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఆ ఒక్కటీ చెప్పకుండా ఉండాల్సింది. నిన్నయితే చూసేదానివి అని ఆవిడకి తెలిసి ఏం ఒరిగింది? బతికున్నన్నాళ్ళూ అదే తలుచుకుంటుంది."

"మళ్ళీ అబద్ధం చెప్పమంటావా?"

"ఏమో. నాకేం తెలుసు." అతను మొహం తుడుచుకున్నాడు. "నీకైనా తెలుసా?"

ఆ ప్రశ్న పొట్టిని తర్వాత కూడా వదల్లేదు. నిజం చెప్పాల్సిన రోజు అబద్ధం చెప్పింది. నిజంతో ఉపయోగం లేని రోజు నిజం చెప్పింది. రెండూ తన కోసమేనేమో. నిన్న చిన్నక్క ఏడవడం చూడలేక, ఇవాళ తనే మోయలేక.

తల్లికి చెబితే తల్లి, "నీ తప్పేముందే, వాళ్ళ నంబరు వాళ్ళు సరిగ్గా రాసుకోకపోతే" అంది. ప్రెసిడెంట్ కూడా దాదాపు అదే అన్నాడు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఈ విషయం గ్రూపులో రాయొద్దన్నాడు. పొట్టి విశ్రాంతి తీసుకోలేదు. "కబురు వాళ్ళు చెబుతారు, సంచి మనం ఇస్తాం అనేది కుదరదు" అని పట్టుబట్టింది. సంచి కదలకముందే ఇంటికి ఫోను చేయాలి, మీకు ఎవరు చెప్పారు అని అడగాలి, ఎవరూ చెప్పలేదంటే ఆసుపత్రిలో డాక్టరు దొరికేదాకా కదలకూడదు, దొరక్కపోతే మనమే చెప్పాలి. ప్రెసిడెంట్ అధికారం, చట్టం అంటూ చాలా చెప్పాడు. చివరికి విసుగొచ్చి, నీ ఇష్టం అని వదిలేశాడు.

కొత్తగా చేరినవాళ్ళకు ఆమె నేర్పేది. ఖాళీ కుర్చీ ఒకటి ఎదురుగా పెట్టి, అందులో ఒక మనిషి ఉన్నట్టు అనుకుని చెప్పమనేది. "లేరు అనకు, ఎక్కడికి వెళ్ళారు అని అడుగుతారు. చనిపోయారు అను. అన్నాక నోరు మూసుకో. వాళ్ళు అడిగినదానికే జవాబు చెప్పు. తెలియకపోతే తెలియదు అను." మొదటి ఏడు చదివే అమ్మాయి ఒకతె ఆ ఖాళీ కుర్చీకి చెప్పలేకే వెక్కి వెక్కి ఏడ్చి మర్నాటి నుంచి రావడం మానేసింది. చాలామంది అలాగే మానేశారు. కొందరిని ఇళ్ళల్లో ఆపేశారు. కొందరికి జబ్బు చేసింది. అయినా పొట్టి ఆగలేదు. తను తప్పు చేసింది గానీ, ఆ తప్పు నుంచి ఒక మంచి పద్ధతి పుట్టిందని, కనీసం ఇంకొకరికి అలా జరగదని ఆమె గట్టిగా నమ్మింది. ఆమెను నిలబెట్టింది ఆ నమ్మకమే.

బండ వాళ్ళ నాన్నకు దగ్గు మొదలైంది ఆ తర్వాతే. బండకూ వచ్చింది. అతనికి తగ్గింది, తండ్రికి తగ్గక పెద్దాసుపత్రిలో చేర్చారు. వ్యాను ఇంటి ముందు ఆగిపోయింది.

కొద్దిరోజులకు ఒక మధ్యాహ్నం అతను ఫోను చేశాడు.

"పొట్టీ, నాన్న చనిపోయాడే."

ఆమె మాట్లాడలేదు. మాట్లాడకూడదని తనే కదా నేర్పింది.

"ఆసుపత్రి నుంచి మన సంఘం పిల్లే ఎవరో ఫోను చేసింది. నువ్వు నేర్పినట్టే చెప్పింది. ముందు నన్ను కూర్చోమంది. చనిపోయారు అంది. తర్వాత నోరు మూసుకుంది. అంతా సరిగ్గా చేసింది. ఏమీ తేడా లేదే పొట్టీ. ఎలా చెప్పినా ఒకటే. నీకు చెబుదామని చేశాను."

"బండా..."

"జబ్బు నేనే తెచ్చానేమో. ఆ సంచులతోనే తెచ్చానేమో. అమ్మ పైకి అనట్లేదు. అనట్లేదు కానీ నా కంచం వేరే పెడుతోంది, తగ్గిపోయాక కూడా."

జబ్బు నీ వల్ల రాలేదురా అందామనుకుంది. కానీ అది తనకు తెలియదు. "నాకు తెలియదు బండా" అంది. అవతల అతను ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు.

వానలు వెనకబడే వేళకి ఆసుపత్రిలో రద్దీ తగ్గింది. ఒక రోజు పొట్టి వెళ్ళేసరికి స్టోరు గది అరలు ఖాళీగా ఉన్నాయి. నేల కడిగేసి ఉంది. మందునీళ్ళ వాసన.

"మిగిలినవేవి?" అంది.

"పై నుంచి ఆర్డరు వచ్చింది" అంది స్టోరు ఆవిడ. "ఎవరూ రానివి ఉంచకూడదట. రోగాల సామాను కదా. ఆసుపత్రి చెత్త కాల్చే పొయ్యిలో వేసేశారు. నేను చెప్పి చూశాను, ఆ పిల్లలు రోజూ వచ్చి తీసుకెళ్తున్నారు, ఇంకొన్నాళ్ళు ఆగండి అని." ఆవిడ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ఉంది. "ఎక్స్‌రేకి వచ్చేవాళ్ళు కూర్చోడానికి ఈ గదిలో కుర్చీలు పెడతారట."

సంఘం చివరి సమావేశం ఫోన్లోనే జరిగింది. కాలేజీ వాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు, ఈ కాలంలో మనం నేర్చుకున్న పాఠాలు ఒక్కొక్కరూ చెప్పండి అన్నాడు ప్రెసిడెంట్. ఒకడు నాయకత్వం అన్నాడు. ఒకామె సమయపాలన అంది. ఇంకొకడు జట్టుగా పనిచేయడం అన్నాడు. అబద్ధాలేమీ కావు, వాళ్ళు నిజంగానే అవి నేర్చుకుని ఉండొచ్చు. పొట్టి వంతు వచ్చింది.

"నేను ఒక తప్పు చేశాను. దాని వల్ల జిరాక్స్ అక్కను వాళ్ళ చెల్లెలు చివరిసారి చూడలేకపోయింది. మళ్ళీ అలా జరగకుండా ఒక పద్ధతి పెట్టాను. ఆ పద్ధతి వల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో నాకు తెలియదు. బండ అయితే జరగలేదన్నాడు. నేర్చుకున్నవాళ్ళకి పాఠం మిగులుతుంది. ఎవరి మీద నేర్చుకున్నామో వాళ్ళకి ఏమీ మిగల్లేదు. ఇంతకు మించి నాకేమీ అర్థం కాలేదు."

ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూసింది. ప్రెసిడెంట్ గొంతు సవరించుకుని, "థాంక్యూ. నెక్స్ట్" అన్నాడు. పుస్తకంలో ఆమె పేరు కింద 'ధైర్యం, సహనం' అని వేశారు.

ఇన్నాళ్ళూ వారానికొకసారి పొట్టి సరుకులు తీసుకుని చిన్నక్క ఇంటికి వెళ్తూనే ఉంది. గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, కొన్ని మెట్లు కిందికి దిగి నిలబడేది. తలుపు తీసి చిన్నక్క సంచి లోపలికి తీసుకునేది. చూపు కలిసేది కాదు. మాటా ఉండేది కాదు. ఎప్పటికైనా ఒక మాట అంటుందని, కనీసం తిడుతుందని పొట్టి ఎదురుచూసేది.

కాలేజీ తెరిచిన వారం ఆమె వెళ్ళేసరికి వీధిలో ఒక లారీ ఆగి ఉంది. కొట్టు షట్టరు పైకెత్తి ఉంది. ఇద్దరు మనుషులు జిరాక్స్ మిషనుకి తాళ్ళు కట్టి లాగుతున్నారు. చిన్నక్క బైండింగ్ బల్ల పక్కన, ముడుచుకుని నిలబడి ఉంది.

"అమ్మేశారా?" అంది పొట్టి.

"నాకు దాన్ని నడపడం రాదు. అక్క ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు, కాగితం ఇరికిస్తానని."

"నేను నేర్పిస్తాను చిన్నక్కా. మా స్నేహితులున్నారు, వంతులేసుకుని వచ్చి నడుపుతాం. క్లాసులయ్యాక రోజూ వస్తాను."

చిన్నక్క చాలా రోజుల తర్వాత ఆమె మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో పగ లేదు. పగ ఉంటే బాగుండేదనిపించింది పొట్టికి.

"నువ్వు మంచిపిల్లవే" అంది చిన్నక్క. "నాకు తెలుసు. నీ వయసుకి ఆ గుమ్మంలో నిలబడటమే ఎక్కువ. కానీ నువ్వు తలుపు తట్టినప్పుడల్లా నాకు ఆ మొదటిరోజే గుర్తొస్తుంది. అక్క కోటు కనపడుతుంది. నవ్వొస్తుంది నాకు. ఇంకా నవ్వొస్తుంది, తెలుసా, ఆ ఒక్క క్షణం. ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచీ మొదలవుతుంది." ఆమె కొంగుతో బల్ల మీది దుమ్ము తుడిచింది, ఆ బల్ల కూడా లారీ ఎక్కబోతోంది. "ఇక రాకమ్మా."

"సరుకులు..."

"నేను వెళ్ళి తెచ్చుకుంటాను. నడవగలుగుతున్నాను ఇప్పుడు."

ఇంకేమైనా అనాలని పొట్టికి అనిపించింది. క్షమించమని ఇంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడిగితే ఆమె క్షమించాననే అంటుంది, మంచి మనిషి కాబట్టి. అలా అనడానికి ఆమె ఇంకొంచెం శక్తి ఖర్చుపెట్టాలి. అందుకని అడగలేదు. తల ఊపి, తెచ్చిన సంచిని మాత్రం గుమ్మంలో పెట్టి వచ్చేసింది. మలుపు తిరిగేదాకా మిషను లాగుతున్నవాళ్ళ కేకలు వినపడుతూనే ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి తల్లి ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"ఇవాళైనా పలకరించిందా?" అంది.

"పలకరించింది."

"ఏమంది?"

"ఇక రావద్దంది."

తల్లి చేతులు ఆగాయి. "కోపంలో అని ఉంటుందిలే. నాలుగు రోజులాగి వెళ్ళు. మనం పోతూ ఉంటే మనసు అదే మెత్తబడుతుంది."

"కోపం కాదమ్మా" అంది పొట్టి. "వెళ్ళను."

పొట్టి తల్లి పక్కన కింద కూర్చుని ఒక దుప్పటి అంచు అందుకుంది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మడతపెట్టారు.